ఎక్కువ పాలిచ్చే పశువే ఎందుకు కూలబడుతుంది?

నిన్న సాయంత్రం గేదె ఈనింది. దూడ హుషారుగా ఉంది, మాయ పడింది, జున్నుపాలు బిందెడు వచ్చాయి. తెల్లారి కొట్టంలోకి వెళ్లి చూస్తే గేదె పడుకునే ఉంది. అదిలించినా లేవదు. మెడ ఒక పక్కకి వంచి తలను డొక్క మీద ఆనించుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతున్నాయి, ముట్టె ఎండిపోయింది, రాత్రి నుంచి పేడ వేసిన జాడ లేదు. ఇంట్లో ఒకరు దిష్టి తగిలిందంటారు, ఇంకొకరు గాలి సోకిందంటారు, పక్కింటాయన వచ్చి ‘పాల జ్వరం’ అంటాడు. ఆయన చెప్పిందే సరైనది. కాకపోతే ఆ పేరులోనే ఒక తిరకాసు ఉంది. ఈ రోగంలో జ్వరం ఉండదు. మామూలుగా 101 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉండే ఒంటి వేడి 97, 98కి దిగిపోతుంది.

పాల జ్వరం, ఒంట్లో చక్కెర తగ్గి వచ్చే కీటోసిస్, ఈనాక వచ్చే ఎర్రమూత్రం లాంటి వాటిని కలిపి జీవక్రియ వ్యాధులు అంటారు. వీటి వెనక సూక్ష్మజీవి లేదు. ఒక పశువు నుంచి ఇంకో పశువుకు అంటవు, టీకా లేదు. మేత ద్వారా లోపలికి వచ్చేది, ఒంట్లో నిల్వ ఉన్నది, పాల ద్వారా బయటికి పోయేది, ఈ మూడింటి లెక్క కొద్ది గంటల్లోనో కొద్ది వారాల్లోనో తప్పితే వచ్చే జబ్బులివి. అందుకే బక్కచిక్కి లీటరు పాలిచ్చే పశువు జోలికి పెద్దగా రావు. ఊళ్లో పేరున్న పాడి గేదెనీ, సంతలో బేరం ఆడి ఎక్కువ ధర పెట్టి తెచ్చిన సంకర జాతి ఆవునీ వెతుక్కుంటూ వస్తాయి.

కాల్షియం లెక్క చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఐదారు వందల కిలోల ఆవు రక్తంలో ఒక సమయంలో తిరిగే కాల్షియం మొత్తం కలిపినా 3 గ్రాములు మించదు. ఒక్క లీటరు జున్నుపాలలోనే సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మొదటి రోజు 10 లీటర్లు పిండితే 20 గ్రాములకు పైగా పోయినట్టే. అంటే రక్తంలో ఉన్న సరుకు అంతా ఒక్క రోజులో ఆరేడు సార్లు ఖాళీ అయి మళ్లీ నిండాలి. చూడి చివరి రోజుల్లో అదే ఆవుకు రోజంతా కలిపి 10, 12 గ్రాములు సరిపోయేవి. ఖర్చు ఒక్క రాత్రిలో రెండు మూడింతలైంది.

అలాగని ఒంట్లో కాల్షియం లేక కాదు. ఎముకల్లో కిలోల కొద్దీ ఉంది. చిక్కంతా దాన్ని బయటికి తీయడంలో వస్తుంది. మెడ దగ్గర ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గడం పసిగట్టి హార్మోన్ వదులుతాయి. అది మూత్రపిండాలకు చెప్పి కాల్షియం బయటికి పోకుండా ఆపిస్తుంది, ఎముకను కరిగిస్తుంది, విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్పించి పేగులు మేతలోంచి ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది. ఇందులో మూత్రపిండాల పని నిమిషాల్లో అయిపోతుంది గానీ దాని వల్ల మిగిలేది చాలా తక్కువ. పేగులు వేగం అందుకోవడానికి దాదాపు ఒక రోజు, ఎముకలు కదలడానికి రెండు రోజులు పడుతుంది. పాలు మాత్రం ఆగవు. పాల జ్వరం కేసుల్లో ఎక్కువ భాగం ఈనిన 72 గంటల్లోపే రావడానికి కారణం ఈ ఆలస్యమే.

మంచి మనసుతో చేసే ఒక తప్పు ఇక్కడే మొదలవుతుంది. చూడి పశువు కదా, దూడ బలంగా పుట్టాలి కదా అని చివరి నెలలో కాల్షియం టానిక్ సీసాలు తెచ్చి తాగిస్తారు. మందుల షాపులో కూడా అడగ్గానే ఇచ్చేస్తారు. మేతలో కాల్షియం దండిగా వస్తుంటే పారాథైరాయిడ్‌కు పని ఉండదు. ఏడాది పొడవునా తెరవని గాదె తలుపు బిగుసుకుపోయినట్టు, ఎముకలోంచి కాల్షియం తీసే దారి మొద్దుబారుతుంది. సరిగ్గా అవసరం పడిన రాత్రి తలుపు రాదు. ఈనడానికి ముందు రెండు మూడు వారాలు అదనపు కాల్షియం ఆపి, ఈనిన రోజు నుంచి మొదలుపెట్టాలని పశువైద్యులు చెప్పేది ఇందుకే. వినడానికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి ఎంత చెప్పినా చాలామందికి నమ్మబుద్ధి కాదు.

చూడి సమయంలో పొటాషియం ఎక్కువున్న పచ్చిమేత కూడా ఇలాంటి ఇబ్బందే తెస్తుంది. దాని వల్ల రక్తం కొంచెం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు హార్మోన్ వచ్చి తలుపు కొట్టినా ఎముక సరిగ్గా పలకదు. పెద్ద డైరీ ఫారాల్లో చివరి మూడు వారాలు అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటి లవణాలను దాణాలో కలిపి రక్తాన్ని కాస్త ఆమ్లం వైపు తిప్పుతారు. పని జరుగుతోందో లేదో మూత్రం పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, చూసి తెలుసుకుంటారు. మామూలుగా 8 దాటి ఉండేది ఆరు, ఆరున్నర దగ్గరికి రావాలి. రెండు గేదెలున్న ఇంట్లో ఈ లెక్కలు కుదరవు. ఆ లవణాలు రుచికి బాగుండవు, పశువు దాణా వదిలేస్తే ఇంకో జబ్బు తయారవుతుంది.

వయసూ జాతీ కూడా చూడాలి. తొలిచూలు పశువుకు పాల జ్వరం అరుదు. మూడో ఈత నుంచి ముప్పు పెరుగుతుంది, ఎందుకంటే ముదిరిన ఎముక నెమ్మదిగా కరుగుతుంది, పాలేమో అప్పుడే ఎక్కువ. జాతుల్లో జెర్సీ దీనికి బాగా లొంగుతుంది. చిత్తూరు వైపు జెర్సీ సంకర ఆవులు పెంచే ఇళ్లలో పాల జ్వరం పేరు చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఒంగోలు, పుంగనూరు ఆవుల దగ్గర అంతగా వినపడదు. వాటికేదో ప్రత్యేక శక్తి ఉందని మురిసిపోవచ్చు గానీ, అవి ఇచ్చే పాలు తక్కువ కావడం అందులో పెద్ద భాగం.

లక్షణాలు మూడు మెట్లుగా దిగుతాయి. మొదటి మెట్టు చాలామంది కంట పడదు. పశువు బెదురుగా ఉంటుంది, వెనక కాళ్లు బిగుసుకుని తడబడుతుంది, చర్మం కింద కండరాలు సన్నగా అదురుతాయి, మేత మీద ధ్యాస ఉండదు. ఇదంతా ఒక గంట, మహా అయితే కొన్ని గంటలు. రెండో మెట్టు పైన చెప్పిన దృశ్యం: ఛాతీ మీద కూర్చుని ఉంటుంది, మెడ ఎస్ ఆకారంలో వంగుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది, నెమరు ఆగుతుంది. గుండె వేగంగా కొట్టుకున్నా చప్పుడు బలహీనంగా వినిపిస్తుంది. మూడో మెట్టులో పక్కకు వాలిపోయి కాళ్లు చాచేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, పిలిచినా గుచ్చినా స్పందన ఉండదు. ఇక్కడి నుంచి ప్రాణం పోవడానికి గంటలే.

కండరం ముడుచుకోవాలన్నా, నరం నుంచి దానికి ఆజ్ఞ అందాలన్నా కాల్షియం కావాలి. అది తగ్గితే కాళ్లతో పాటు కడుపు, పేగులు, గర్భాశయం కూడా సడలిపోతాయి. పేడ వేయకపోవడం, కడుపుబ్బరం అందులో భాగమే. పడిపోయేంతగా తగ్గకపోయినా చాపకింద నీరులా ఇంకొన్ని నష్టాలు జరుగుతాయి. గర్భాశయం బిగుసుకోక మాయ నిలిచిపోతుంది, లేదా గర్భాశయమే బయటికి వస్తుంది. చనుమొన రంధ్రం సరిగ్గా మూసుకోక పొదుగువాపు వస్తుంది. రైతు వీటికి విడివిడిగా వైద్యం చేయిస్తాడు. మూడింటికీ మూలం ఒక్కటే కావచ్చన్న అనుమానం రాదు.

కాల్షియం సంగతి తెలియకముందే ఈ రోగానికి ఒక వైద్యం దొరికింది. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్‌లో ష్మిట్ అనే పశువైద్యుడు పొదుగులో ఏదో విషం పుడుతోందని నమ్మి, పొటాషియం అయొడైడ్ ద్రావణాన్ని చనుల ద్వారా లోపలికి ఎక్కించాడు. చాలా ఆవులు లేచి నిలబడ్డాయి. కొన్నేళ్లకే ఆ దేశంలోనే ఆండర్సన్ అనే మరో పశువైద్యుడు మందు లేకుండా ఉత్త గాలి కొట్టినా ఆవులు లేస్తాయని చూపించాడు. రైతులు సైకిల్ పంపులు పట్టుకున్నారు. నమ్మిన సిద్ధాంతం తప్పు, వైద్యం మాత్రం ఫలించింది: గాలి ఒత్తిడికి పొదుగులో పాలు ఊరడం ఆగింది, కాల్షియం పోవడమూ ఆగింది. అసలు కారణం రక్తంలో కాల్షియం తగ్గడమేనని బ్రిటన్‌లో 1925లో తేలాక గానీ ఈ చిక్కుముడి వీడలేదు. పొదుగువాపు తెస్తుంది కాబట్టి గాలి కొట్టే పద్ధతి ఇప్పుడు ఎవరూ వాడకూడదు.

ఇప్పటి వైద్యం కాల్షియం బోరోగ్లూకోనేట్‌ను రక్తనాళంలోకి ఎక్కించడం. సీసా సగమయ్యేసరికి పశువు ఒళ్లు వణుకుతుంది, తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, ముట్టె మీద చెమట చుక్కలు మొలుస్తాయి. కొంతసేపటికి లేచి దూడ వైపు నడుస్తుంది. పశువైద్యంలో ఇంత నాటకీయమైన ఫలితం ఇంకోటి లేదనే చెప్పాలి. ఆ నాటకీయతే ప్రమాదం కూడా. చూసేవాళ్లకు ‘సీసా తగిలిస్తే చాలు, మనమే చేసుకోవచ్చు’ అనిపిస్తుంది. కాల్షియం వేగంగా ఎక్కితే గుండె లయ తప్పి పశువు అక్కడికక్కడే చనిపోతుంది. గుండె చప్పుడు వింటూ పది నిమిషాలకు తగ్గకుండా ఎక్కించాలి, ఎండాకాలమైనా చలికాలమైనా సీసా ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. పొదుగువాపు విషం ఒంటికెక్కి పడిపోయిన పశువుకు పాల జ్వరం అనుకుని ఇదే మందు ఎక్కిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. లేచిన వాటిలో కూడా దాదాపు నాలుగో వంతు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కూలబడతాయి. అందుకే మొదటి రెండు మూడు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకుండా దూడకు కావలసినంతే పిండమంటారు.

డాక్టర్ వచ్చేలోపు ఇంట్లో చేయగలిగింది కొంచెమే గానీ విలువైనది. పశువు పక్కకు వాలిపోకుండా గడ్డి మోపులో ఊక బస్తాలో దన్ను పెట్టి ఛాతీ మీద కూర్చోబెట్టాలి. లేదంటే కడుపులోని గ్యాస్ పోయే దారి ఉండదు. కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి. అంత బరువు ఒకే కాలి మీద పడితే ఆ కండరం చచ్చుబడి, కాల్షియం ఎక్కినా పశువు లేవలేదు. గొట్టంతో నూనె గానీ కషాయం గానీ పోయకూడదు. మింగే శక్తి అప్పటికే తగ్గి ఉంటుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాల జ్వరం నుంచి బయటపడి, నాలుగు రోజుల తర్వాత న్యుమోనియాతో పోయే పశువులున్నాయి.

ఈనిన మొదటి మూడు రోజులు గండం గడిచిందనుకుంటే, రెండో వారం నుంచి ఆరో వారం దాకా కీటోసిస్ కాచుకుని ఉంటుంది. ఇది చక్కెర లెక్క. పాలలో తీపి లాక్టోజ్ వల్ల వస్తుంది, లీటరుకు 48 గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు 20 లీటర్లిచ్చే ఆవు దాదాపు కిలో చక్కెరను పాలలో పెట్టి ఇచ్చేస్తోందన్నమాట. నెమరువేసే పశువుకు మేతలోంచి గ్లూకోజ్ నేరుగా దాదాపు అందదు. కడుపులోని సూక్ష్మజీవులు మేతను పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, వాటిలో ప్రొపియోనిక్ ఆమ్లాన్ని తీసుకుని కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తుంది. ఈనిన కొత్తలో పాలు రోజురోజుకూ పెరుగుతాయి, ఆకలి మాత్రం వెంటనే అంత పెరగదు. ఆ తేడాను పూడ్చడానికి ఒంట్లోని కొవ్వు కరుగుతుంది. కరిగిన కొవ్వంతా ఒకేసారి కాలేయం మీద పడితే, అది పూర్తిగా కాలక కీటోన్లుగా మిగిలిపోతుంది. మనుషుల్లో మధుమేహం ముదిరినప్పుడు కీటోన్లు పెరిగితే రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటుంది. ఆవులో కీటోన్లు పెరిగినప్పుడు చక్కెర అడుగంటి ఉంటుంది. పేర్లు ఒకటే, కథ వేరు.

దీన్ని గుర్తుపట్టడానికి మంచి ఆనవాలు తిండి దగ్గరే కనిపిస్తుంది. పశువు దాణా వదిలేస్తుంది, ఎండుగడ్డి మాత్రం నములుతుంది. పాలు తగ్గుతాయి, వారంలోనే ఎముకలు తేలతాయి, పేడ గట్టిగా ఉండి పైన జిగట మెరుస్తుంది. ఊపిరిలో, పాలలో, మూత్రంలో మగ్గిన పండులాంటి, నెయిల్ పాలిష్ తుడిచే మందులాంటి వాసన వస్తుంది. ఆ వాసన అందరి ముక్కుకూ అందదు. మూత్రంలో కీటోన్లను పట్టే రొథెరా పరీక్షలో ఊదారంగు వలయం కనిపిస్తే అనుమానం తీరుతుంది. కొన్ని పశువుల్లో ఇది మెదడు మీద చూపిస్తుంది: గొలుసు కొరకడం, తన ఒళ్లు తానే ఆపకుండా నాకడం, గుండ్రంగా తిరగడం, చొంగ కార్చడం, ఊరికే అరవడం. ఇవి చూసి పిచ్చి కుక్క కరిచిందేమోనని భయపడతారు. ఆ భయం తప్పు కాదు. తేలేదాకా నోట్లో చెయ్యి పెట్టకుండా ఉండటమే మంచిది.

చక్కెర తగ్గిందంటే బెల్లం నీళ్లు పోస్తే సరి కదా అనిపిస్తుంది. బెల్లం కడుపులోని సూక్ష్మజీవుల పాలవుతుంది, రక్తంలోకి చక్కెరగా చేరదు. డాక్టర్లు గ్లూకోజ్‌ను రక్తనాళంలోకి ఎక్కించడానికి, కాలేయంలో గ్లూకోజ్‌గా మారే ప్రొపిలీన్ గ్లైకాల్ నోటి ద్వారా ఇవ్వడానికి కారణం అదే. చూడి సమయంలో బాగా మేపి కొవ్వు పట్టించిన పశువుకు ఈ జబ్బు ఎక్కువ. ‘ఈనేలోపు ఒళ్లు చేయాలి’ అన్న మాటను కొంచెం తగ్గించి వినాలి.

గేదెల్లో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఎర్రమూత్రం. ఈనిన రెండో వారం నుంచి ఆరో వారం లోపు, బాగా పాలిచ్చే గేదెకు ఉన్నట్టుండి మూత్రం కాఫీ డికాషన్ రంగులో పడుతుంది. ఇది భాస్వరం లోటు వల్ల వస్తుంది. ఎర్ర రక్తకణం తన పొర చెక్కుచెదరకుండా ఉంచుకోవడానికి శక్తి కావాలి, ఆ శక్తి తయారీకి భాస్వరం కావాలి. అది లేకపోతే కణాలు రక్తనాళాల్లోనే పగిలి, వాటి ఎరుపు మూత్రంలో దిగుతుంది. వరిగడ్డి మీదే ఎక్కువ ఆధారపడే చోట్ల ఈ ముప్పు ఉంటుంది, వరిగడ్డిలో భాస్వరం బాగా తక్కువ. తవుడులో పుష్కలంగా ఉంటుంది గానీ అందులో కాల్షియం చాలా తక్కువ. ఖనిజ లవణ మిశ్రమం అవసరం ఈ రెండింటి మధ్యే ఉంది. బట్టలు, తాళ్లు, ఎముకలు నమిలే పశువును చూసి పాడలవాటు అనుకుంటారు. చాలాసార్లు అది భాస్వరం కోసం ఒళ్లు పడే ఆరాటం.

ఎర్రమూత్రం అంతా ఇదే అనుకుంటే ఇంకో పొరపాటు. పిడుదుల వల్ల వచ్చే బబీసియా జబ్బులోనూ మూత్రం ఇలాగే ఉంటుంది, కానీ అందులో జ్వరం 104 దాటుతుంది. భాస్వరం లోటులో సాధారణంగా జ్వరం ఉండదు. మూత్రాన్ని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచడం కూడా పనికొస్తుంది. ఎరుపు అడుగున పేరుకుంటే అది మూత్రనాళాల్లోంచి వచ్చిన నెత్తురు, సీసా అంతా ఒకే రంగులో ఉండిపోతే కణాలు పగిలిన ఎరుపు. గేదె పేడ వేయడానికి ముక్కుతూ, కంటి లోపలి పొర తెల్లబారి ఉంటే ఆలస్యం చేయకూడదు. భాస్వరం ఇంజెక్షన్లు త్వరగా అందితే కోలుకుంటుంది, రక్తం మరీ పోయాక వైద్యం కష్టం.

పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం గంగాళంతో తెచ్చి పశువు ముందు పెట్టడం మన ఊళ్లలో జాలితో చేసే పని. పుస్తకాలు దీన్ని జీర్ణకోశ వ్యాధుల్లో చేరుస్తాయి గానీ దెబ్బ రక్తం దాకా వెళ్తుంది. అన్నం కడుపులో పులిసి లాక్టిక్ ఆమ్లంగా మారి, ఆరు, ఏడు మధ్య ఉండాల్సిన పీహెచ్ 5 కంటే కిందికి పడిపోతుంది. పుల్లని వాసనతో పలుచని పేడ, డొక్క తడితే నీళ్ల చప్పుడు, కళ్లు లోపలికి పీక్కుపోవడం కనిపిస్తాయి. ఒక రోజులో పశువు పోవచ్చు.

గొర్రెలు, మేకల్లో చక్కెర లెక్క ఈనకముందే తప్పుతుంది. కడుపులో రెండు మూడు పిల్లలుంటే చివరి ఆరు వారాల్లోనే వాటి పెరుగుదలలో ఎక్కువ భాగం జరుగుతుంది, తల్లికి తిన్నది సరిపోదు. మంద నుంచి వెనకబడటం, కళ్లు కనపడనట్టు గోడకు తల ఆనించడం దీని గుర్తులు. నెల్లూరు గొర్రె ఎక్కువగా ఒక్క పిల్లనే ఈనుతుంది కాబట్టి మన మందల్లో ఇది తక్కువ. కవలలు ఎక్కువ ఈనే మేకల్లో చూసుకోవాలి.

కోడిది ఇంకో వింత. ఒక్క గుడ్డు పెంకులో 2 గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, కోడి ఎముకలన్నిటిలో కలిపి సుమారు 20 గ్రాములే. దాదాపు రోజూ తన ఎముకల నిల్వలో పదో వంతుకు సమానమైన కాల్షియాన్ని పెంకులో పెట్టి ఇచ్చేస్తోంది. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది, అప్పుడు మేత ఉండదు. అందుకే లేయర్ ఫారాల్లో నెమ్మదిగా కరిగే గరుకు సున్నపురాయి ముక్కలను సాయంత్రం మేతలో ఇస్తారు. లెక్క తప్పితే కోడి కాళ్లు పడిపోయి కేజ్‌లో పక్కకు ఒరుగుతుంది.

ఇంట్లో పెంచే పొమేరియన్ లాంటి చిన్న కుక్కకు పిల్లలు పుట్టిన రెండు మూడు వారాలకు కాల్షియం తగ్గితే చిత్రంగా అంతా తలకిందులవుతుంది. ఆవు చల్లబడి మెత్తబడితే, కుక్క వేడెక్కి బిగుసుకుంటుంది. రొప్పుతుంది, పిల్లలను వదిలి అటూ ఇటూ తిరుగుతుంది, కాళ్లు కర్రల్లా అవుతాయి, వణుకు మూర్ఛలోకి దిగుతుంది, జ్వరం 105 దాటవచ్చు. ఆవులో కాల్షియం తగ్గినప్పుడు నరం నుంచి కండరానికి ఆజ్ఞ దాటడం ఆగుతుంది. కుక్కలో ఆ దారి తెరిచే ఉంటుంది, నరాలు మాత్రం అదుపు తప్పి ఊరికే ఆజ్ఞలు పంపుతుంటాయి. ఇంత తేడా ఉన్నా తెచ్చిపెట్టే తప్పు మాత్రం రెండు చోట్లా ఒకటే. కుక్క కడుపుతో ఉందని నెల ముందు నుంచే కాల్షియం మాత్రలు వేసిన ఇళ్లలో ఈ మూర్ఛ ముప్పు పెరుగుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఫోన్‌లో ‘గేదె లేవడం లేదు’ అని ఊరుకోకుండా ఎన్నో ఈత, ఈని ఎన్ని గంటలైంది లేదా ఎన్ని రోజులైంది, ఒంటి వేడి ఎంత, మూత్రం ఏ రంగు, దాణా మానేసిందా గడ్డి కూడా మానేసిందా అన్నది చెబితే, ఏ సీసాలు దగ్గర పెట్టుకోవాలో డాక్టర్‌కు దారిలోనే సగం తెలిసిపోతుంది. థర్మామీటర్ ధర లీటరున్నర పాల డబ్బులకు అటూ ఇటూగా ఉంటుంది.